మెడ తిప్పిన చిలకలు

"అట్ల చూడొద్దవ్వా. నువ్వు చూస్తాంటే నా చెయ్యి ఆడల్యా."

నా మనవరాలు ఈ మాట కోపంగా ఏమీ అనలేదు. కల్లూరులో మా అమ్మాయి వాళ్ళ కొత్త ఇంట్లో, అన్నాలు తినే బల్ల నిండా పూసలు, ఇత్తడి తీగలు, చిన్న చిన్న పటకార్లు పరుచుకొని చెవులకు పెట్టుకునేవి ఏవో చేస్తోంది. చదువు అయిపోయినప్పటి నుంచి దానికి పని అదే, పిచ్చి అదే. నేను ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాను. ముసలిదానికి చూడటం కంటే వేరే పని ఏముంటుంది? తీగ వంకర పోయింది. తీసి పారేసి ఇంకొకటి అందుకుంది. అదీ వంకర పోయింది. అప్పుడు అన్నది ఆ మాట.

లేచి వరండాలోకి వచ్చేశాను. "ఏమైందవ్వా, నేనేదో ఊరికే అంటి" అని వెనకనుంచి పిలిచింది. రోడ్డు మీద షేర్ ఆటోలు పోతున్నాయి. నా ముఖం వేడెక్కిపోయింది. ఈ వయసులో సిగ్గుతో ముఖం వేడెక్కుతుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. సిగ్గూ శరమూ అన్నీ పళ్ళతో పాటే రాలిపోయాయి అనుకున్నాను. లేదు. అది నాపబండ కింద తేలులాగా అక్కడే ఉంది.

మా ఊరు బనగానపల్లెకు బండి దూరం. మాది మట్టి మిద్దె, లోపల నాపబండల పరుపు. మిద్దె కప్పుకు నడుమ వెలుతురు కోసం వదిలిన గవాచి ఉండేది. పొద్దున పడమటి గోడ మీద పడిన వెలుగు మధ్యాహ్నానికి పడసాల మధ్యలోకి దిగి, సాయంత్రానికి తూర్పు గోడెక్కి పోయేది. ఇంట్లో గడియారం లేదు, ఆ వెలుగే మాకు గడియారం. నేను చెప్పేది జొన్నకోతలు అయిపోయిన రోజుల సంగతి. దొడ్లో చొప్పవామి కొత్తగా వేసి ఉంది. ఇల్లంతా ఎండుచొప్ప వాసన, దానికి తోడు మా అమ్మ వంటింట్లో చెనిక్కాయలు వేయించి ఊరిబిండి నూరుతుంటే వచ్చే వాసన. ఆ రెండు వాసనలూ కలిస్తే ఇప్పటికీ నాకు ఆకలి వేస్తుంది, ఆ వెంటనే తల వంచుకోవాలనిపిస్తుంది.

ఇంటికి పెద్ద మా జేజి, మా నాయన తల్లి. తాళపుచెవులు ఆమె నడుముకే ఉండేవి. వాళ్ళ అత్తగారి కాలం నాటి, మెడకు వేసుకునే బంగారు కంటె ఒకటి విరిగి, పెట్టెలో చాలా ఏండ్లుగా పడి ఉంది. ఇంట్లో పుట్టిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, దాన్ని కరిగించి నాకు చిలక కమ్మలు చేయించాలని జేజికి బుద్ధి పుట్టింది. పక్క ఊరి నుంచి కంసాలి ఆచారిని పిలిపించింది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మాలాంటి రైతుల ఇండ్లలో బంగారాన్ని కంసాలి ఇంటికి పంపేవాళ్ళు కాదు. కంసాలే మా ఇంటికి రావాలి. మా పడసాలలో కూర్చొని, మా కళ్ళ ముందర కరిగించి, కొట్టి, చేసి ఇవ్వాలి. ఆయన ఎదురుగా ఇంటివాళ్ళు ఒకరు కూర్చోవాలి. దాన్ని ఏ ముసుగూ లేకుండా కాపలా అనే అనేవాళ్ళు, ఆయన వింటుండగానే. "కంసాలి తన తల్లి ముక్కుపుడకలో గూడా తన పాలు తీసుకుంటాడంట" అని జేజి మజ్జిగ చిలికినంత మామూలుగా అనేది. ఆచారి లేచి పోయేటప్పుడు మా పళ్ళెంలో చేతులు కడగాలి, ఆ నీళ్ళు పారబోయకూడదు. ఆయన కూర్చున్న చోటు మా చీపురుతోనే ఊడవాలి. కుంపటి బూడిద కూడా ఇంటి సొత్తే, ఎందుకంటే అందులో బంగారు రజను పడుతుంది. ఆ బూడిదను జేజి తన చేత్తోనే ఎత్తి ఒక కుండలో పోసి దొడ్డి వాకిలి మూలన పెట్టేది. దీపాలు పెట్టే వేళకు గురివింద గింజలతో బంగారం తూచి పెట్టెలో పెట్టి తాళం వేసేది.

మగవాళ్ళు కళ్ళంలో ఉన్నారు. అమ్మకు పొయ్యి దగ్గరి నుంచి కదిలే తీరిక లేదు. జేజికి చూపు ఆనదు. ఇంక మిగిలింది నేను.

"నీ కమ్మలే గదమ్మే, నువ్వే కూర్చో. ఆయప్ప చేతుల మీదనుంచి కండ్లు తియ్యాకు" అంది జేజి.

బడికి పోనక్కరలేదంటే ఎవరికి చేదు? నేను పెద్ద ఉద్యోగం వచ్చినట్టు పీట వేసుకొని కూర్చున్నాను. ఆచారి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తలకు పాత ధోవతి ముక్క చుట్టుకునేవాడు. ఆయన దగ్గర ఆముదం వాసన, తుమ్మబొగ్గు వాసన కలిసి వచ్చేది. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంటే బుగ్గలు బూరెల్లా పొంగేవి. నేను జేజి గొంతు తెచ్చిపెట్టుకొని, "ఆ చెయ్యి యాడికి పోతాండాది ఆచారీ?" అని గద్దించేదాన్ని. తాత వయసు మనిషి. ఆయన నవ్వి రెండు అరచేతులూ తిప్పి చూపించేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళంతా నా తెలివికి మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు మూడు రోజులు పోయాక ఆచారి అన్నాడు. "పాపా, నన్ను చూస్తే నీకేమొస్తాది? నేను ముసిలోన్ని. పనిని చూడు, అది బాగుంటాది."

అప్పటి నుంచి పనిని చూడటం మొదలుపెట్టాను. కంటె ముక్కలు మూసలో పడి మొదట మొండికేసి, తరవాత ఒక్కసారిగా లొంగిపోయి, వణుకుతున్న ఎర్రటి చుక్కగా మారడం చూశాను. ఆ చుక్క చల్లారి కడ్డీ అయ్యాక దాన్ని సాగగొట్టి, కమ్మచ్చు అనే చిల్లుల ఇనుపపలకలో దూర్చి పటకారుతో లాగితే, ఒక్కో చిల్లు దాటే కొద్దీ తీగ సన్నబడడం చూశాను. లాగి లాగి తీగ బిరుసెక్కితే ఆయన దాన్ని మళ్ళీ కాల్చి చల్లార్చేవాడు. "అలిసిపోయినాది. రవ్వంత పండుకోనీ" అనేవాడు తీగను గురించి.

చిలకను చేయాల్సిన రోజు మాత్రం ఆయన ఏమీ చేయలేదు. నాపబండ మీద బొగ్గుతో చిలకను గీశాడు, చెరిపాడు. మళ్ళీ గీశాడు, చెరిపాడు. గవాచి వెలుగు జరిగిన కొద్దీ తన గోనెపట్ట కూడా జరుపుకుంటూ, ఊరకే కూర్చున్నాడు. జేజి గడప దగ్గరి నుంచి విసుక్కుంది.

"ఏమప్పా, మా ఇంట్లో సంగటి శానా రుచిగా ఉండాదా? పని కదలకుండాది?"

"పని జరుగుతానే ఉండాది పెద్దమ్మా. చేతుల్లోకి ఇంగా దిగలేదు, అంతే" అన్నాడు ఆచారి.

జేజికి అది సోమరి మాటగా తోచింది. నాకూ అంతే.

ఆ రోజుల్లో పిల్లలం మాకు మేమే కంసాలులం. చెనిక్కాయ కొన నొక్కి నోరు తెరిపించి చెవి తమ్మెకు తగిలించుకుంటే అవే జుంకాలు. జొన్నదంటు ఒలిచి, లోపలి తెల్లని బెండును కోసి, ఈనెలతో గుచ్చి బండ్లూ ఎద్దులూ కండ్లద్దాలూ చేసేవాళ్ళం. ఊరికే కూర్చున్న ఆచారిని కాపలా కాయడం విసుగై, నేను కూడా బెండుతో చిలకను చేయబోయాను. ఆయన నన్నే చూస్తున్నాడని తెలిసిన ప్రతిసారీ బెండు పుటుక్కుమని విరిగేది. నేను ఉడుక్కునేదాన్ని. ఆయన నవ్వి, అటు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు కాస్త కుదిరింది. చివర్లో మెడ దగ్గర మళ్ళీ విరిగింది. ఏడుపు మింగుకొని, ఆ తలనే చీపురు ఈనెతో గుచ్చి అతికించాను. తల ముందుకు కాకుండా వెనక్కి తిరిగిపోయింది.

"చెడిపాయె" అని పారేయబోతే ఆచారి చెయ్యి పట్టుకొని ఆపాడు. ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకొని వెలుగులోకి జరిగాడు.

"చెడిపోలేదు పాపా. దీన్నెవరో ఎనకనుంచి పిలిచినట్టుండాది. ఎవరా అని చూస్తాండాది."

అంతే, ఆయన చేతుల్లోకి పని దిగింది. నా బెండు చిలకను ముందు పెట్టుకొని, తీగ వంచి, రేకు కొట్టి, ఆకురాయితో రాచి, వెలిగారం పెట్టి అతికి, ఎడమ చెవి కమ్మ పూర్తి చేశాడు. నేను కాపలా సంగతి మరిచేపోయాను. చివరికి చింతపులుసులో ఉడికించి, కుంకుడు రసంతో తోమి నా అరచేతిలో పెట్టాడు. చిటికెన గోరంత చిలక, మెడ తిప్పి నావైపు చూసింది. ఎగిరిపోతుందేమోనని పిడికిలి మూశాను. నిజంగానే మూశాను. ఆయన ఎంత నవ్వాడో!

ఆ సాయంత్రమే తూకంలో తగ్గింది.

జేజి త్రాసు పట్టుకొని, కమ్మ, మిగిలిన తీగ, రేకు, ఒళ్ళో గుడ్డ మీద పడిన రజను, అన్నీ కలిపి తూచింది. గురివింద ఎత్తు తగ్గింది. మళ్ళీ తూచింది. మళ్ళీ తగ్గింది. మా పెద్దనాయన అప్పుడే కళ్ళం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"కాకకు కొంచెం తరుగుంటాది పెద్దమ్మా. మిగిలింది బూడిదలో ఉంటాది, కడుగుదాం" అన్నాడు ఆచారి.

"తరుగు తీసేసినాకనే చెప్తాండా" అంది జేజి. "బూడిద కుండ నా చేతి కిందనే ఉండాది. దాన్నెవరు ముట్టలేదు. దాంట్లో ఇంత పడదు."

పెద్దనాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. అరవలేదు. మా ఇంట్లో అరవరు. "తలగుడ్డ తియ్యి ఆచారీ" అన్నాడు, గొడ్డును లేవమన్నంత నిమ్మళంగా. తలకు ఆముదం రాసుకొని, వేళ్ళకు అంటిన రజనును వెంట్రుకల్లోకి తుడుచుకొని తీసుకుపోతారని ఊళ్ళో ఒక మాట ఉండేది. ఆచారి తలగుడ్డ విప్పాడు. గంజి తాగడానికి వచ్చిన పాలేర్లు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. పెద్దనాయన చెయ్యి చాపబోతే జేజి అడ్డం వచ్చింది.

"నువ్వు చెయ్యి పెడితే బాగుండదురా. పెద్దమనిషికి అగుమానం. పాప చూస్తాదిలే, పసిపిల్ల."

అది మా జేజి మర్యాద. ఆమె నిజంగానే ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది. కింద తెల్లగుడ్డ పరిచారు. నేను వెళ్ళి నిలబడ్డాను. నాకు ఆయన తల అందలేదు. ఆయన నాపబండ మీద గొంతుకూర్చొని, తల వంచి, "అందుతాదా పాపా?" అని అడిగాడు.

అందింది. నా పది వేళ్ళూ ఆ నెరిసిన వెంట్రుకల్లోకి పోయాయి. ఆముదం జిడ్డు, చెమట, నడినెత్తిన వెంట్రుకలు పలచబడిన చోట వెచ్చటి చర్మం. "బాగ ఎతుకమ్మే, చెవుల ఎనక గూడ" అంటోంది జేజి. వెతికాను. గుడ్డ మీద రెండు తెల్ల వెంట్రుకలు రాలాయి. ఇంకేమీ రాలలేదు. తరవాత నోరు కూడా తెరవమన్నారు, తెరిచాడు. నేను అమ్మ దగ్గరికి పరుగెత్తాను. అమ్మ పొయ్యి వైపు చూస్తూ, నన్ను చూడకుండా, "చేతులు కడుక్కో" అంది. కడుక్కున్నాను. కుంకుడుకాయతో కూడా కడుక్కున్నాను. వాసన పోలేదు.

మరుసటి రోజు ఆచారి రాడనుకున్నాను. వస్తే ఏ ముఖం పెట్టుకొని చూడాలో తెలియక, రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. పొద్దెక్కుతోంది. జేజి దొడ్లో, వాడిన నీళ్ళు పారే జాలాడి దగ్గర కూర్చొని పళ్ళు తోముకుంటోంది. నేను చెంబుతో నీళ్ళు అందించాలి. ఆమె పుక్కిలించబోతూ నావైపు తిరిగి ఏదో అనడానికి నోరు తెరిచింది. ఎండ సూటిగా ముఖం మీద పడింది. ముందరి పళ్ళ సందున ఏదో మెరిసింది.

"జేజీ! నీ పండ్లల్లో బంగారముండాది!"

ఎంత గట్టిగా అరిచానంటే పెద్దనాయన వేపపుల్ల నోట్లో ఉంచుకునే వచ్చాడు. అమ్మ పిండిచేతులతో వచ్చింది. జేజి పక్కన నేల మీద గుప్పెడు బూడిద. ఆమె రోజూ పళ్ళు తోముకునే కచ్చిక, పిడకల బూడిద, అడుగంటింది. పక్కనే మెత్తటి తెల్లని కుంపటి బూడిద కుండ ఉంది. చీకటితోనే లేచి, చూపు ఆనని కళ్ళతో, కొన్నాళ్ళుగా ఆమె ఆ కుండలోనే చెయ్యి పెడుతోంది. ఊరంతటి నుంచి కాపాడిన బంగారాన్ని ఆమే పుక్కిలించి జాలాట్లో ఉమ్ముతోంది.

జేజి నోరు టక్కున మూసుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు కదా, ఆ ముఖాన్ని నేను ఆ రోజు చూశాను. అమ్మ లోపలికి పోతూ, "గురివిందకు తన నలుపు యాడ కనపడతాది" అని గొణిగింది. ఇంకో రోజు అయితే ఆ మాటకు ఇల్లు లేచిపోయేది.

నవ్వాలో ఏడవాలో తెలియక వెనక్కి తిరిగాను. వాకిట్లో ఆచారి నిలబడి ఉన్నాడు, చంకలో పనిముట్ల సంచితో. అంతా విన్నాడు. ఆయన విన్నాడని మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకు తెలుసు. ఏమీ విననట్టు వచ్చి గోనెపట్ట పరుచుకొని, కుంపటి రాజేశాడు.

ఆ రోజు జేజి నన్ను కాపలా కూర్చోబెట్టలేదు. "పోయి ఆడుకోమ్మే" అంది. కొంచెం సేపటికి మజ్జిగ వచ్చింది. రోజూ వాకిలి గూట్లో విడిగా బోర్లించి పెట్టే సత్తు గ్లాసులో వచ్చేది. ఆ రోజు అల్లుళ్ళకు ఇచ్చే వెండి గ్లాసులో వచ్చింది. జేజే స్వయంగా తెచ్చి ఆయన ముందర పెట్టింది. మా జేజి జన్మలో ఎవరితోనూ తప్పయిందని అన్న మనిషి కాదు. ఆ గ్లాసే ఆ మాట.

"దప్పి లేదు పెద్దమ్మా" అన్నాడు ఆచారి, ఊదుగొట్టం కింద పెట్టకుండానే.

మజ్జిగ అక్కడే ఉంది. దాని మీద ఈగలు వాలాయి. మధ్యాహ్నం అమ్మ తీసుకుపోయి కుడితితొట్లో పోసింది.

నేను ఆడుకోవడానికి పోలేదు. స్తంభం చాటున నిలబడి చూశాను. ఇప్పుడు ఆయనను ఎవరూ కాపలా కాయడం లేదు. అయినా ఆయన లేచిన ప్రతిసారీ అడగకుండానే పళ్ళెంలో చేతులు కడిగాడు. తలగుడ్డ విప్పి, మా తెల్లగుడ్డ మీద దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. తన చేతులను తానే అనుమానంగా చూసుకుంటున్నాడు. బొగ్గుతో ఏమీ గీయలేదు. ఊరకే ఒక్క క్షణమైనా కూర్చోలేదు. మొదటి కమ్మను ముందు పెట్టుకొని, దారంతో కొలిచి, అదే కొలతకు రెండోది చేశాడు. తీగ బిరుసెక్కినప్పుడు కాల్చాడు కానీ, అలిసిపోయిందని అనలేదు. కమ్మ అనుకున్నదానికంటే ముందే తయారయింది. తూకం సరిపోయింది.

పోయేటప్పుడు నన్ను పిలిచాడు. స్తంభం చాటు నుంచి ఆయనకు కనబడుతూనే ఉన్నాను కాబోలు. సంచిలో నుంచి నా బెండు చిలకను తీసి చేతిలో పెట్టాడు.

"నీ సొత్తు నీకు అప్పజెప్పినా పాపా. చూసుకో" అన్నాడు.

వెక్కిరింపో, మామూలు మాటో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ తరవాత జేజి ఎన్నిసార్లు కబురంపినా ఆయన మా ఊరికి రాలేదు. చేతులు వణుకుతున్నాయని చెప్పి పంపాడట. పెద్దనాయనే ఒకసారి ఆయన ఊరికి బండి కట్టించాడు కానీ, ఊరి పొలిమేర నుంచి మళ్ళించుకొని వచ్చాడు. పోయి ఏమని చెప్పాలో తోచలేదట. మా ఇంట్లో ఎవరికీ తప్పయిందనే మాట రాదు. సంగటి కలపడం వచ్చు, పంచాయితీలు తీర్చడం వచ్చు, అది మాత్రం రాదు.

ఆ కమ్మలు పెట్టుకొని పెండ్లి పీటల మీద కూర్చున్నాను. మహానంది తిరణాలకు పెట్టుకొని పోతే ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్ళు ఆగి, "ఎవరు చేసినారు తల్లీ?" అని అడిగేవాళ్ళు. చెప్పలేకపోయేదాన్ని. పిల్లలు పుట్టాక పెట్టెలో పెట్టేశాను.

"అవ్వా." మనవరాలు వరండాలోకి వచ్చి పక్కన కూర్చుంది. "కోపమా? నీ చిలక కమ్మలు ఒకసారి ఇయ్యవ్వా. ఆ మెడ ఎట్ల తిప్పినారో చూస్తా."

లోపల నా పెట్టెలో నుంచి తెచ్చి ఇచ్చాను. రెంటినీ అరచేతిలో పెట్టుకొని, వెలుతురు వైపు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. ఇన్నేండ్లలో ఎంతమంది మెచ్చుకున్నారో, ఇప్పుడు ఇది అడిగిన మాట ఒక్కరూ అడగలేదు.

"ఇవి రెండూ ఒకరు చేసినవి కాదు గదా అవ్వా?"

"ఒకరే" అన్నాను.

"లేదులే. ఈ చిలక ఎవరో పిలిస్తే చూస్తాంది. ఇది చూడల్యా. దీని మెడ ఎవరో పట్టుకొని తిప్పినట్టుంది."

నా వేళ్ళ వైపు చూసుకున్నాను. ఒళ్ళో దాచుకున్నాను. తరవాత అంతా చెప్పాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అంతా విని, "ఆ తాత పేరేంది అవ్వా?" అంది.

ఆచారి అనే పిలిచాం. అన్ని రోజులు ఆయన చేతులను కాపలా కాశాను, పేరు అడగలేదు.

అది లేచి బల్ల దగ్గరికి పోతూ, "రా అవ్వా, కూర్చో. చూడు, ఏం కాదులే" అని పిలిచింది.

"నువ్వు చేసుకో తల్లీ. అయినాక చూపిద్దువు గానీ" అన్నాను.

రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. లోపల పటకారు టిక్కు టిక్కుమంటోంది. ఆ తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఊరకే కూర్చుందన్నమాట. మెడ తిప్పి చూడాలనిపించింది. తిప్పలేదు.